మన కంప్యూటర్ ఎవరికి కూలి చేసింది? క్రిప్టో మైనింగ్ సాఫ్ట్‌వేర్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో క్రిప్టో మైనింగ్ గురించి మాట్లాడుకుందాం. ఏ కాయిన్ కొనాలి, ఎప్పుడు అమ్మాలి అనే సంగతి నేను ముట్టుకోను, అది చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. మైనింగ్ చేసే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దాన్ని ఎవరు రాశారు, దాని సోర్స్ కోడ్ ఏయే చేతులు మారింది, ఆ కోడ్ తెచ్చుకొని మన కంప్యూటర్‌లో మనమే బిల్డ్ చేసి నడపడం అంటే ఏంటి, 2018లో అదే రకం కోడ్ మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి ఎట్లా వచ్చి కూర్చుంది, ఇదీ ఈ రోజు కథ.

ముందు మైనింగ్ అనే మాట చూద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మనుషులకు మైనింగ్ అంటే కంప్యూటర్ గుర్తుకు రాదు. పులివెందుల పక్కన వేముల, వేంపల్లె వైపు ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లెలో యురేనియం గని. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పక్కకు వస్తే నాపరాయి, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. గని అంటే లారీలు, దుమ్ము, మందుగుండు పేలిన చప్పుడు. ప్రొద్దుటూరుది మాత్రం వేరే లెక్క. ఇక్కడ నేలలో బంగారం దొరకదు, కానీ బంగారం అంగళ్లు వీధులకు వీధులే ఉన్నాయి. రెండో బొంబాయి అని ఊరికే పేరు రాలేదు.

ఆ అంగళ్లలో ఒక పద్ధతి ఉంది. పాత బంగారం ఎవరు తెచ్చినా సరే, చుట్టమైనా, పక్కింటాయనైనా, గీటురాయి మీద గీసి చూడకుండా తీసుకోరు. ఇప్పుడు మిషన్లు వచ్చాయి, క్యారెట్ ఎంతో తెర మీద చూపిస్తాయి, అయినా పద్ధతి అదే. మనిషి మీద నమ్మకం వేరు, సరుకు మీద పరీక్ష వేరు. సాఫ్ట్‌వేర్‌ని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసుకోవడం కూడా అట్లాంటి పనే. తయారైన ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేసుకుంటే లోపల ఏముందో కనపడదు. సోర్స్ కోడ్ అయితే మనుషులు చదవగలిగే రూపంలో ఉంటుంది. దాన్ని మన కంప్యూటర్ మీద మనమే కంపైల్ చేస్తే, చదివిన కోడూ నడిచే ప్రోగ్రామూ ఒకటే అని ధైర్యం. ఈ గీటురాయి సంగతి గుర్తు పెట్టుకోండి, కథ నిండా ఇది వస్తుంది.

ఇంతకీ మైనింగ్‌లో కంప్యూటర్ చేసే పని ఏంటి? బిట్‌కాయిన్ తీసుకుందాం. ఎవరు ఎవరికి ఎంత పంపారు అనే లెక్కలన్నీ కట్టలు కట్టలుగా ఒక చిట్టాలో చేరుతుంటాయి. ఒక్కో కట్టని బ్లాక్ అంటారు. చిట్టాకి కొత్త బ్లాక్ చేర్చే హక్కు ఎవరికి రావాలి అనే దానికి ఒక పందెం పెట్టారు. బ్లాక్ సారానికి ఒక అంకె కలిపి, షా-256 అనే లెక్కలో రెండుసార్లు తిప్పితే ఒక ఫలితం వస్తుంది, దాన్నే హ్యాష్ అంటారు. ఆ ఫలితం ఒక హద్దు కన్నా చిన్నదిగా ఉండాలి. ఏ అంకె వేస్తే వస్తుందో ముందుగా కనిపెట్టే ఉపాయం లేదు. ఒక అంకె వేసి చూడాలి, కాలేదంటే ఇంకోటి, మళ్లీ ఇంకోటి. సెకనుకు లక్షలు, కోట్లు. ముందుగా దొరికినవాళ్లకి కొత్త నాణేలు బహుమతి. ఇంతే మైనింగ్. తెలివితో పని లేదు, ఓపిక కావాలి, ఆ ఓపిక కరెంటుతో నడుస్తుంది. సుమారు పది నిమిషాలకు ఒక బ్లాక్ రావాలని నియమం. ఎక్కువమంది చేరి తొందరగా వచ్చేస్తుంటే, ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి లెక్క కష్టం దానంతట అదే పెరుగుతుంది.

2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో అనే పేరుతో ఒకరు తొమ్మిది పేజీల పత్రం బయటపెట్టారు. ఆ పేరు వెనకాల ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ పుట్టింది. దాని లోపల ఆ రోజు లండన్ టైమ్స్ పత్రిక శీర్షికని రాసి పెట్టారు, బ్యాంకులను ఆదుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వం మళ్లీ డబ్బు ఇవ్వబోతోందనే వార్త అది. ఇంకో వారం తిరక్కముందే మొదటి సాఫ్ట్‌వేర్ వచ్చింది. విండోస్‌లో నడిచే ప్రోగ్రాం, దాంతోపాటు సి ప్లస్ ప్లస్‌లో రాసిన సోర్స్ కోడ్, రెండూ ఒకే మూటలో.

ఈ రెండో భాగమే నాకు ముఖ్యంగా కనపడుతుంది. బ్యాంకుని నమ్మక్కర్లేని డబ్బు అని చెప్పి, లోపలికి తొంగి చూడటానికి వీల్లేని ప్రోగ్రాం చేతికిస్తే, బ్యాంకుని నమ్మే బదులు ఆ ప్రోగ్రాం రాసినాయన్ని నమ్మినట్టే కదా. అందుకే కోడ్ బయటపెట్టక తప్పదు. చదవండి, తప్పులు పట్టండి, మీరే బిల్డ్ చేసుకోండి అన్నమాట. ఆ మొదటి ప్రోగ్రాంలో మైనింగ్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ కూడా లేదు. మెనూలో నాణేలు పుట్టించు అనే అర్థం వచ్చే ఒక ఆప్షన్ ఉండేది. టిక్ పెడితే మామూలు ఇంటి కంప్యూటర్ మైనింగ్ మొదలుపెట్టేది. బ్లాక్‌కి 50 బిట్‌కాయిన్లు. 2009 డిసెంబర్ ఆఖరు దాకా లెక్క కష్టం ఒక్కసారి కూడా పెరగలేదు, అంత తక్కువమంది చేసేవాళ్లు.

ఆ ప్రశాంతతను చెడగొట్టింది కూడా తెరిచి ఉన్న సోర్స్ కోడే. కోడ్ అందరి చేతిలో ఉన్నప్పుడు ఎవడో ఒకడు దాన్ని ఇంకా వేగంగా పరిగెత్తించాలని చూస్తాడు. లాస్లో హన్యెట్జ్ అనే అమెరికా ప్రోగ్రామర్ పేరు మీరు వినే ఉంటారు. 2010 మే 22న రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చినాయన. ఆ పిజ్జా కథ అందరూ చెప్తారు. అన్ని నాణేలు ఆయన దగ్గరకు ఎట్లా వచ్చాయో మాత్రం ఎక్కువమంది చెప్పరు. వీడియో గేములకు వాడే గ్రాఫిక్స్ కార్డు మీద మైనింగ్ నడిచేట్టు కోడ్ రాసుకున్న తొలివాళ్లలో ఆయన ఒకడు. కంప్యూటర్ మెదడు, అంటే సీపీయూ, రకరకాల పనులు చేయగల మేస్త్రీ లాంటిది. గ్రాఫిక్స్ కార్డు ఒకే పని చేసే వందల మంది కూలీల గుంపు. మైనింగ్‌కి మేస్త్రీ అక్కర్లేదు, కూలీలు చాలు. ఇంత వేగం ఇప్పుడే వద్దని, కొత్తగా వచ్చేవాళ్లకు మామూలు కంప్యూటర్‌తోనే నాణేలు దొరికే అవకాశం ఉండనివ్వమని సతోషి ఆయనకి చెప్పి చూశాడు. కానీ 2010 గడిచేలోపే గ్రాఫిక్స్ కార్డు మైనర్ల సోర్స్ కోడ్ బయటికి వచ్చేసింది, ఇంక ఆగేది ఏముంది?

అదే ఏడాది చివర్లో చెక్ దేశపు మారెక్ పలాటినస్, ఆయన్ని స్లష్ అంటారు, మొదటి మైనింగ్ పూల్ మొదలుపెట్టాడు. పూల్ అంటే మనకి తెలిసిన వ్యవహారమే. పది మంది కలిసి గుత్తకు పని పట్టి, ఎవరి పని ఎంతో దాన్ని బట్టి కూలి పంచుకోవడం. అప్పుడే జెఫ్ గార్జిక్ అనే లైనక్స్ ప్రోగ్రామర్ సి భాషలో ఒక చిన్న మైనర్ రాసి కోడ్ విడుదల చేశాడు. దాన్ని తీసుకొని 2011లో కాన్ కొలివాస్ అనే ఆస్ట్రేలియా మనిషి సీజీమైనర్ తయారుచేశాడు. ఈ కొలివాస్ వృత్తి ఏంటో తెలుసా? మత్తు డాక్టర్. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చి, ఇంటికొచ్చి లైనక్స్ కెర్నెల్ కోడ్ రాసేవాడు. ఏ కంపెనీ జీతం లేకుండా ఒక డాక్టరు రాసిన ప్రోగ్రాం ప్రపంచమంతా మైనర్లకు ప్రధాన పనిముట్టు అయింది. కోడ్ చూపించి తీరాల్సిన జీపీఎల్ లైసెన్సు కింద ఇచ్చాడు కాబట్టి, ఎవరికి కావాల్సిన మార్పులు వాళ్లు చేసుకున్నారు.

2013 జనవరిలో అవలాన్ అనే కంపెనీ మైనింగ్ తప్ప వేరే పని చేతకాని చిప్పులతో యంత్రం అమ్మింది. ఇట్లాంటి చిప్పుని ఏసిక్ అంటారు. ఆ మొదటి యంత్రం ఎవరికి చేరిందో చూడండి, సీపీయూ మైనర్ రాసిన జెఫ్ గార్జిక్‌కే. దాంతో ఇంటి కంప్యూటరే కాదు, గ్రాఫిక్స్ కార్డు కూడా బిట్‌కాయిన్‌కి పనికిరాకుండా పోయింది. ఆ ఏడాది చివరికల్లా కొలివాస్ కూడా సీజీమైనర్ నుంచి గ్రాఫిక్స్ కార్డుల కోడ్ తీసేశాడు. ఎంత తేడానో లెక్క చెప్తా. 2009 నాటి ఇంటి కంప్యూటర్ సెకనుకు 50 లక్షల హ్యాష్‌లు చేసేదనుకుందాం. 2016లో వచ్చిన యాంట్‌మైనర్ ఎస్9 సెకనుకు సుమారు 13.5 లక్షల కోట్లు చేస్తుంది. అంటే ఆ ఒక్క పెట్టె 27 లక్షల కంప్యూటర్లకు సమానం. కడప జిల్లాలో ఇంటికో కంప్యూటర్ పెట్టి నడిపినా అన్ని కావు. మెనూలో టిక్ పెట్టి బిట్‌కాయిన్ తవ్వుకునే రోజులు అట్లా పోయాయి.

అయితే ఇంటి కంప్యూటర్‌కే ఆ పని మిగలాలని పట్టుబట్టినవాళ్లు కూడా ఉన్నారు. 2014 ఏప్రిల్‌లో మొనేరో అనే కాయిన్ వచ్చింది. ఎవరు ఎవరికి పంపారో బయటికి కనపడకుండా దాచడం దాని ప్రత్యేకత. దాంతోపాటు, ఏసిక్ యంత్రాలు పెత్తనం చేయకుండా మైనింగ్ లెక్కని వాళ్లు అప్పుడప్పుడు మార్చుతూ వచ్చారు. 2019 నవంబర్ 30 నుంచి రాండమ్‌ఎక్స్ అనే పద్ధతి పెట్టారు. అది రెండు జీబీకి పైగా మెమొరీ అడుగుతుంది, మామూలు సీపీయూ మీద బాగా నడిచేట్టు దాన్ని తీర్చిదిద్దారు. ఈ మొనేరో మైనింగ్‌కి ఎక్కువమంది వాడేది ఎక్స్‌ఎమ్‌రిగ్ అనే ప్రోగ్రాం, అది కూడా తెరిచిన కోడే. మన ఇంజనీరింగ్ పిల్లలు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ గానీ, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీ గానీ, సోర్స్ నుంచి మైనర్ బిల్డ్ చేయడం అంటే ఏంటి సార్ అని అడిగితే చూపించదగ్గ ఉదాహరణ ఇదే.

పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఉబుంటు లైనక్స్ ఉన్న కంప్యూటర్ తీసుకోండి. ముందు పనిముట్లు తెచ్చుకోవాలి. గిట్, సీమేక్, కంపైలర్ ఉండే బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ, ఆ తర్వాత లిబ్‌యూవీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, హెచ్‌డబ్ల్యూలాక్ అనే మూడు లైబ్రరీల డెవలప్‌మెంట్ ఫైళ్లు. వీటిలో ఒకటి మరిచిపోయినా సీమేక్ ఆగిపోయి ఏది లేదో చెప్తుంది. భయపడక్కర్లేదు, తెచ్చి పెట్టి మళ్లీ నడపడమే. గిట్ క్లోన్‌తో కోడ్ దింపుకొని, లోపల బిల్డ్ అని ఫోల్డర్ చేసి, అందులోకి వెళ్లి సీమేక్, దాని తర్వాత మేక్. టెర్మినల్‌లో శాతాలు పెరుగుతూ పోయి, కొన్ని నిమిషాలకు ప్రోగ్రాం తయారవుతుంది. నడపాలంటే మూడు సంగతులు చెప్పాలి: పూల్ చిరునామా, కూలి ఎవరి వాలెట్‌లో పడాలో ఆ చిరునామా, ఎన్ని సీపీయూ కోర్లు వాడాలో. ఈ మూడింట్లో రెండోదాన్ని మాత్రం వేలు పెట్టి సరిచూసుకోవాలి. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

ఆ కోడ్‌లో డొనేట్ డాట్ హెచ్ అని చిన్న ఫైల్ ఒకటి ఉంది. తయారైన ప్రోగ్రాం దింపుకొని నడిపితే, వంద నిమిషాల్లో ఒక నిమిషం మన కంప్యూటర్ దాన్ని రాసినవాళ్ల కోసం పని చేస్తుంది. నూటికి ఒక వంతు. ఇది దొంగతనం కాదు, వాళ్లే పైకి చెప్పి పెట్టిన లెక్క. బంగారం పనిలో తరుగు, మజూరీ ఉంటాయి కదా, అట్లాంటిది. ఇయ్యను అనుకుంటే ఆ ఫైల్‌లో అంకె సున్నా చేసి మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు. నన్నడిగితే ఆ ఒక్క శాతం ఇవ్వడమే మర్యాద, వాళ్లు ఊరికే రాసి పెట్టిన కోడ్ అది. నేను చెప్పొచ్చేది ఏంటంటే, తరుగు ఎంతో చదివి తెలుసుకునే వీలు మనకి ఉంది. చదవనివాళ్లకు మాత్రం ఆ ఒక్క శాతం వందకి వంద శాతం కూడా కావచ్చు.

ఎట్లాగంటారా? కోడ్ అందరిదీ కాబట్టి దొంగలదీ అయింది. ఎక్స్‌ఎమ్‌రిగ్ తీసుకొని, వాలెట్ చిరునామా తమది పెట్టి, తెర మీద ఏమీ కనపడకుండా చేసి, జనం ఊరికే వస్తుందని దింపుకునే వాటిలో కలిపి వదిలారు. 2021 జూన్‌లో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ క్రాకొనోష్ అనే ఒక దాని గురించి వివరాలు బయటపెట్టింది. క్రాక్ చేసిన వీడియో గేముల్లో దాక్కొని వచ్చి, విండోస్‌ని సేఫ్ మోడ్‌లోకి తీసుకుపోయి, యాంటీవైరస్‌ని పీకేసి, తర్వాత నింపాదిగా మైనింగ్ పెట్టుకునేది. ప్రపంచం మొత్తం మీద 2,22,000కు పైగా కంప్యూటర్లు దాని పాలబడ్డాయి. భారతదేశంలోవి 13 వేలకు పైనే. నెట్ సెంటర్లలో, హాస్టల్ గదుల్లో క్రాక్ గేములు పెన్ డ్రైవ్‌లో చేతులు మారిన రోజులు మనకి తెలియనివి కావు. ఆట ఫ్రీ అనుకున్నారు, కంప్యూటర్ వేడెక్కి ఫ్యాను రొద పెడుతుంటే దుమ్ము పట్టిందేమో అని ఊదుకున్నారు.

ఇక్కడిదాకా ఏదో ఒకటి దింపుకొని నడిపినవాళ్ల సంగతి. ఏదీ దింపుకోనివాళ్ల సంగతి ఇప్పుడు.

2017 సెప్టెంబర్‌లో కాయిన్‌హైవ్ అనే సర్వీసు మొదలైంది. వెబ్‌సైట్ పేజీలో ఒకట్రెండు లైన్ల జావాస్క్రిప్ట్ పెడితే చాలు, ఆ పేజీ తెరిచినవాళ్ల బ్రౌజర్ మొనేరో మైనింగ్ చేస్తుంది. పేజీ తెరిచి ఉన్నంతసేపూ చేస్తుంది. వచ్చిన దాంట్లో 70 శాతం సైట్ యజమానికి, 30 శాతం కాయిన్‌హైవ్‌కి. వాళ్లు మొదట చెప్పింది ఒక రకంగా న్యాయమైన మాటే: ప్రకటనలతో విసిగించే బదులు, చదువుతున్నంతసేపు మీ కంప్యూటర్ శక్తి కొంచెం ఇవ్వండి, అదే మా ఫీజు. కానీ అడిగి తీసుకోవాలనే షరతు మొదట్లో ఎక్కడా లేదు. దాంతో ఇతరుల సైట్లలోకి దూరి, ఆ రెండు లైన్లు తమ పేరు మీద అతికించి పోయేవాళ్లు తయారయ్యారు. దీనికే క్రిప్టోజాకింగ్ అని పేరు పడింది. 2018 ఫిబ్రవరి 11న, చూపు సరిగా లేనివాళ్లకు పేజీలు చదివి వినిపించే బ్రౌజ్‌అలౌడ్ అనే పనిముట్టులోకి ఎవరో ఇది దూర్చారు. దాంతో ఒక్క దెబ్బకి నాలుగు వేలకు పైగా సైట్లు మైనింగ్ మొదలుపెట్టాయి. వాటిలో జనం సమాచారాన్ని కాపాడాల్సిన బ్రిటన్ సమాచార కమిషనర్ ఆఫీసు సైట్ కూడా ఉంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో మన వంతు వచ్చింది. భద్రతా పరిశోధకులు భారత ప్రభుత్వ వెబ్‌సైట్లు వెతుకుతూ పోయి, ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టర్ సైట్‌లో, తిరుపతి మునిసిపల్ కార్పొరేషన్ సైట్‌లో, మాచర్ల మునిసిపాలిటీ సైట్‌లో ఈ మైనింగ్ స్క్రిప్టులు ఉన్నాయని కనిపెట్టారు. ఎకనామిక్ టైమ్స్ పత్రికలో ఆ సంగతి వచ్చింది. దేశంలో ఇట్లాంటి సైట్లు వందల్లో ఉన్నాయని కూడా అప్పుడే తేలింది.

మునిసిపల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టర్ అంటే ఎవరో అనుకునేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులతో సహా రాష్ట్రంలో ప్రతి మునిసిపాలిటీకీ పైన కూర్చునే శాఖ. ఇంటి పన్ను, కొళాయి, జనన ధ్రువీకరణ, వీటికి సంబంధించిన పెద్ద ఆఫీసు. తిరుపతి అంటే దేశం నలుమూలల నుంచి వచ్చే జనం. దొంగలు వీటిని ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. ఇట్లాంటి సైట్‌కి మనిషి సరదాకి పోడు, పని ఉండి పోతాడు. ప్రభుత్వ సైట్ కదా అని అనుమానపడడు. పేజీ నిదానంగా తెరుచుకున్నా, ప్రభుత్వ సైట్ ఇంతేలే అని కాచుకుంటాడు. కాచుకున్నంతసేపూ మైనింగ్ నడుస్తూనే ఉంటుంది!

ఒక్కొక్కరి దగ్గర ఎంత పోయి ఉంటుంది? కంప్యూటర్ అదనంగా 30 వాట్లు లాగిందనుకోండి, పది నిమిషాలకు 5 వాట్-అవర్లు. ఒక యూనిట్‌లో రెండువందల వంతు. పైసల్లో కూడా లెక్కకు రాదు. అందుకే ఎవరూ పోలీస్ స్టేషన్‌కి పోలేదు, పోయినా ఏమని రాయిస్తారు? కల్లంలో కొలత వేసేవాడు బస్తాకి పిడికెడు గింజలు పక్కకు నెట్టినట్టు. బస్తా యజమానికి తెలియదు, సాయంత్రానికి కొలతగాడి మూట నిండుతుంది. నా దృష్టిలో ఇక్కడ పోయింది కరెంటు కాదు. మన కంప్యూటర్ మన మాట వింటుంది అనే నమ్మకం పోయింది, అదీ ప్రభుత్వ ముద్ర ఉన్న పేజీలో పోయింది.

దీనికి సంవత్సరం ముందు ఏం జరిగిందో చూస్తే ఇంకా విచిత్రంగా ఉంటుంది. 2017 అక్టోబర్‌లో ఇదే రాష్ట్ర ప్రభుత్వం విశాఖపట్నంలో బ్లాక్‌చెయిన్ సదస్సు పెట్టింది. భూమి రికార్డులు ఎవరూ దిద్దకుండా బ్లాక్‌చెయిన్‌లో పెడతామని, స్వీడన్ కంపెనీ క్రోమావేతో కలిసి పనిచేస్తామని ప్రకటన వచ్చింది. కొత్త టెక్నాలజీ మీద ఆ ఉత్సాహాన్ని నేను తప్పు పట్టను. కానీ వేదిక మీద బ్లాక్‌చెయిన్ గురించి ఉపన్యాసాలు అయిన ఏడాదికే, ఆ ప్రభుత్వ పేజీల్లో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు బ్లాక్‌చెయిన్ తవ్వుకుంటున్నాడు. పెద్ద పథకాలకు కన్సల్టెంట్లు దొరుకుతారు గానీ, పేజీలో ఉన్న రెండు లైన్ల కోడ్ చదివే మనిషిని మాత్రం ఎవరూ పెట్టరు. బ్రౌజర్‌లో పేజీ సోర్స్ చూపించు అని నొక్కితే కనపడే కోడ్ అది. బిల్డ్ చేసే పని కూడా లేదు.

కాయిన్‌హైవ్ ఆట ఎక్కువ కాలం సాగలేదు. మొనేరో ధర పడిపోయింది, వాళ్లు లెక్క పద్ధతి మార్చేసరికి బ్రౌజర్ మైనింగ్ వేగం కూడా తగ్గింది. 2019 మార్చి 8న దుకాణం మూసేశారు. చట్టం వచ్చి మూయించలేదు, గిట్టుబాటు కాక మూసుకున్నారు.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా. 2018 ఏప్రిల్ 6న రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకులు సేవలు ఇవ్వకూడదని సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, ఆ జులై 1 నుంచి అమ్మకాల మీద ఒక శాతం టీడీఎస్. మైనింగ్ చేసేవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. కొన్న ధర తప్ప వేరే ఖర్చు ఏదీ తీసేయడానికి లేదు. మైనింగ్‌కి పెట్టిన యంత్రాల ఖర్చుని కొన్న ధర కింద లెక్కించరని ప్రభుత్వం 2022 మార్చిలో పార్లమెంటుకే చెప్పింది. అంటే గని తవ్వినవాడికి తవ్వకం ఖర్చు మినహాయింపు లేదు. ముగ్గురాయి గని యజమానికి ఇట్లాంటి పన్ను వేస్తే ఊరుకుంటాడా?

ఇంకో రకం మైనింగ్ కూడా ఈ దేశంలో నడిచింది, దాంట్లో కంప్యూటర్‌తోనే పని లేదు. అమిత్ భరద్వాజ్ అనే ఆయన గెయిన్‌బిట్‌కాయిన్ పేరుతో జనం దగ్గర బిట్‌కాయిన్లు వసూలు చేశాడు. మైనింగ్‌లో పెడతాం, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తాం అన్నాడు. 2018లో అరెస్టయ్యాడు, 2022 జనవరిలో చనిపోయాడు. 2017 నాటికే 6,600 కోట్ల రూపాయల విలువైన బిట్‌కాయిన్లు వసూలయ్యాయని ఈడీ చెప్పింది. తర్వాత కేసులన్నీ సీబీఐకి పోయాయి. మన పక్క చీటీలు తెలుసు, వడ్డీలు తెలుసు. నెలకు నూటికి పది ఇస్తాననేవాడిని చూస్తే ప్రొద్దుటూరు అంగడిలో గుమస్తా కూడా కాస్త ఆగి ఆలోచిస్తాడు. కానీ మైనింగ్ అనే ఇంగ్లీషు మాట తగిలిస్తే, యంత్రం ఏదీ, పూల్ ఏదీ, వాలెట్ చిరునామా ఏదీ అని అడగడం మరిచిపోయారు. నిజమైన మైనింగ్‌లో ఈ మూడూ చూపించొచ్చు.

చివరికి కరెంటు దగ్గరికి వద్దాం, ఎందుకంటే కుర్రాళ్లు నన్ను అడిగేది ఇదే: సార్, మేమే బిల్డ్ చేసి ఇంట్లో నడిపితే మిగులుతుందా? సీపీయూ మైనింగ్‌కి కంప్యూటర్ మొత్తం కలిపి 100 వాట్లు తీసుకుందనుకోండి. రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 432 రూపాయలు. ఏసిక్ పెట్టె అయితే, ఆ పాత ఎస్9కే సుమారు 1350 వాట్లు. నెలకు 970 యూనిట్ల పైన, అదే రేటుకి 5,800 రూపాయలు దాటుతుంది. స్లాబులు పెరిగితే ఇంకా ఎక్కువ. మే నెలలో మన ఎండలకు ఫ్యాను కింద మనిషే నిలవలేడు, ఇంక ఆ పెట్టెకి ఏసీ కూడా పెట్టాలి. మీకు వచ్చే నాణేల విలువ ఆ రోజు ధర మీద, ఆ రోజు లెక్క కష్టం మీద ఆధారపడుతుంది. మైనింగ్ క్యాలిక్యులేటర్లో మీ హ్యాష్ రేటు వేసి చూసుకోండి, ఇంటి కరెంటు రేటు మీద ఎక్కువసార్లు నష్టమే చూపిస్తుంది.

మన జిల్లాలో కరెంటు ఎట్లా పుడుతుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య ఆర్‌టీపీపీ ఉంది, 1650 మెగావాట్లు. బొగ్గు రైలు మీద రావాలి, బూడిద లారీల్లో పోవాలి. మైలవరం మండలంలో సోలార్ పార్కు వచ్చింది, అది పగలే పని చేస్తుంది. మైనింగ్ పెట్టెకి రాత్రీ పగలూ తేడా లేదు. గ్రాఫిక్స్ కార్డులతో ఇంట్లో చేసేవాళ్లకు పెద్ద దిక్కుగా ఉన్న ఎథీరియం కూడా 2022 సెప్టెంబర్ 15న మైనింగ్ పద్ధతినే వదిలేసింది.

కాబట్టి డబ్బు కోసం బిల్డ్ చేయమని నేను చెప్పను. నేర్చుకోవడానికైతే ఒక రాత్రి కూర్చోండి. లాప్‌టాప్ మీద వద్దు, వేడికి పాడవుతుంది. కాలేజీ కంప్యూటర్ మీద అసలు వద్దు, అనుమతి లేకుండా పెడితే మీరు చేసేదీ ఆ మాచర్ల సైట్‌లో జరిగిందీ ఒకటే. పాత డెస్క్‌టాప్ ఏదైనా ఉంటే దాంట్లో కోడ్ దింపి, డొనేట్ ఫైల్ తెరిచి చూసి, కంపైల్ చేసి పది నిమిషాలు నడపండి. యాంటీవైరస్ కేక పెడుతుంది, ఎందుకు పెడుతుందో ఇప్పుడు మీకు తెలుసు. ఇంకోవైపు టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకోండి, లైనక్స్ అయితే టాప్ కమాండ్. సీపీయూ వందకి ఎక్కినప్పుడు ఫ్యాను చప్పుడు ఎట్లా ఉంటుందో వినండి. ఏ పనీ చేయనప్పుడు కూడా మీ ఇంట్లో వేరే కంప్యూటర్ ఏదైనా అదే చప్పుడు చేస్తుంటే, బ్రౌజర్ ట్యాబులు ఒక్కొక్కటే మూస్తూ రండి. ఏది మూసినప్పుడు ఆగిందో చూడండి.

భూమి రికార్డుల బ్లాక్‌చెయిన్ ప్రయత్నం గురించి ఇంకో ఎపిసోడ్‌లో.